కచేరీ పట్టికలో లేని ఊళ్ళు



దసరా గాని, సంక్రాంతి గాని, వేసవి గాని, సెలవులు దగ్గరపడుతున్నాయనగానే పేరున్న తెలుగు గాయకుల, సంగీత దర్శకుల కచేరీ యాత్రల ప్రకటనలు వెలువడతాయి. హైదరాబాదు, విశాఖపట్టణం, విజయవాడ, తిరుపతి, ఆపైన బెంగుళూరు, చెన్నై. పట్టిక సాధారణంగా అక్కడితో ముగుస్తుంది. హోసూరు ఉండదు. బళ్ళారి ఉండదు. కోలారు, బరంపురం, పర్లాకిమిడి, షోలాపూరు ఉండవు. ఆంధ్రదేశం నట్టనడుమ ఉండి కూడా యానాం ఉండదు. మన పిల్లలు ఆ పట్టికను పైనుండి క్రిందికి ఒకసారి, క్రిందినుండి పైకి ఒకసారి చదువుతారు. తమ ఊరి పేరు కనబడక ఊరుకుంటారు.

ఈ సంగతిని గూర్చి ఒక ఉపాధ్యాయుడు వ్రాయవలసిన అవసరమేమి అని మీలో కొందరికి తోచవచ్చును. పాఠ్యపుస్తకాలు సకాలానికి రాకపోవటం, ఖాళీ అయిన తెలుగు పండిత ఉద్యోగాలు భర్తీ కాకపోవటం, తరగతిలో సంఖ్య తగ్గిపోవటం వంటి పెద్ద బాధలుండగా పాటకచేరీ రాలేదని చింతించటం విలాసంగా కనబడవచ్చును. నా అభిప్రాయం వేరు. ఆ పెద్ద బాధలకూ ఈ చిన్న నిరాశకూ మూలం ఒకటే. ఆ మూలాన్ని మన పిల్లలు అందరికన్నా ముందుగా గుర్తించినది ఈ కచేరీ పట్టికలోనే.

ఒక్కసారి మన ఊరి పిల్లవాని కళ్ళతో చూడండి. బస్సు మీది అక్షరాలు తెలుగు కావు. దుకాణం బోర్డు తెలుగు కాదు. తాలూకా కచేరీలో దరఖాస్తు తెలుగు కాదు. బడిలో రోజుకొక పీరియడు తెలుగు ఉంటే అదృష్టం. ఇంట్లో అమ్మమ్మ మాట్లాడే తెలుగు ఉన్నది గాని, ఆ తెలుగును పక్కింటి పిల్లలముందు మాట్లాడటానికి వానికి కొంచెం సిగ్గు. ఇక వాని భాష నలుగురిలో తలెత్తుకొని, వెలుగుల మధ్య, చప్పట్ల మధ్య కనబడే చోటు ఏది? సినిమా పాట ఒక్కటే. తమిళం మాట్లాడే స్నేహితుడు, కన్నడం మాట్లాడే స్నేహితుడు కూడా ఆ పాటను కూనిరాగం తీస్తాడు. అప్పుడు వానికి కలిగే గర్వం ఏ వాచకమూ కలిగించలేనిది. ఆ పాట పాడినవారు దేశమంతా తిరుగుతూ తమ ఊరి మీదుగానే పోయి తమ ఊళ్ళో దిగకపోతే, వాడు దానినుండి ఒక అర్థం తీసుకుంటాడు. మొన్న ఏడవ తరగతి చదివే ఒక అమ్మాయి నన్ను అడిగిన ప్రశ్న ఇది: "సార్, ఇక్కడ కూడా తెలుగువాళ్ళున్నారని వాళ్ళకు తెలియదా?"

ఈ ప్రశ్నకు జనాభా లెక్కలు ఒక జవాబు చెబుతాయి. 2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు తమిళనాడులో సుమారు 42 లక్షలు, కర్ణాటకలో సుమారు 35 లక్షలు, మహారాష్ట్రలో సుమారు 13 లక్షలు, ఒడిశాలో సుమారు 7 లక్షలు. అన్నీ కలిపితే కోటికి కొద్దిగా తక్కువ. ఇంతమంది ఉన్న సంగతి ఎవరికీ తెలియదనటానికి వీలులేదు. అయితే ఇంతమందిని పిలిచే గొంతు ఒకటి లేదు. తేడా అక్కడ ఉన్నది.

దూరం అడ్డమనటానికి కూడా వీలులేదు. ఘంటసాల వెంకటేశ్వరరావుగారు 1971లోనే ఐరోపాకు, అమెరికాకు వెళ్ళి పాడి వచ్చారు. నేడు అమెరికాలోని తెలుగు సంఘాల మహాసభలు జూలై మొదటి వారంలో, అక్కడి స్వాతంత్ర్య దినోత్సవ సెలవులతో కలిసేటట్లు జరుగుతున్నాయి. సినిమా సంగీత దర్శకులు తమ బృందాలతో సముద్రాలు దాటి నగరం తరువాత నగరం తిరిగి వస్తున్నారు. అక్కడివారి పిల్లలకు ఆ పాట అందటం నాకు సంతోషమే. అంత దూరం పోగలిగిన బృందం బెంగుళూరునుండి హోసూరుకు నలభై కిలోమీటర్లు రాలేదంటే కారణం వెతకవలసి ఉన్నది. అక్కడ పిలిచేవారున్నారు. సంఘానికి కార్యవర్గం ఉన్నది, మందిరం మాట్లాడేవారున్నారు, ఏడాది ముందే తేదీ అడిగేవారున్నారు. ఇక్కడ మనం పట్టిక వెలువడిన తరువాత నిట్టూర్చేవారము.

కచేరీ నిర్వాహకుని తిట్టటం సులభం. ఆయన లెక్క కూడా వినండి. పెద్ద గాయకుడు ఒంటరిగా రాడు. వాద్యబృందం, కోరస్, ధ్వని నియంత్రించేవారు, దీపాలవారు, సామాను లారీలు, వీరందరికీ బస, భోజనం, ప్రయాణం. వేదిక పెద్దదిగా ఉండాలి, విద్యుత్తు నిలకడగా ఉండాలి, పోలీసు అనుమతి దొరకాలి. గాయకుని పారితోషికం ముందుగానే చెల్లించాలి. ఇదంతా టిక్కెట్లతో రాదు గనుక ప్రకటనదారులు కావాలి. ప్రకటనదారునికి పెద్ద నగరమే కావాలి. మన ఊళ్ళో ఉన్న కల్యాణమండపంలో ఎనిమిదివందల మంది పడతారు. టిక్కెట్టు ధర నగరంలోని ధరలో నాలుగవ వంతు పెట్టినా కుటుంబమంతా రావటానికి మనవారు వెనుకాడతారు. ఈ లెక్కలో ద్వేషమేమీ లేదు. ఆ లెక్క మారాలంటే మరెవరో ఒక సంఖ్యను మార్చాలి.

సెలవుల విషయంలో ఇంకొక చిక్కు ఉన్నది. దీనిని నిర్వాహకులు గాని, మన పెద్దలు గాని గమనించినట్లు కనబడదు. సెలవుల యాత్రలన్నీ ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల సెలవుల పట్టికను బట్టి ఏర్పడతాయి. అక్కడ సంక్రాంతికి వారం పదిరోజులు బడి ఉండదు. కర్ణాటకలోనూ ఒడిశాలోనూ ఉన్న మన పిల్లలకు సంక్రాంతి దాదాపు ఒక్కరోజు పండుగ. మహారాష్ట్రలోని మన పిల్లలకు పెద్ద సెలవులు దీపావళికి. ఒడిశాలో దుర్గాపూజకు. తమిళనాడులో త్రైమాసిక పరీక్షలు ముగిసిన తరువాత కొద్దిరోజులు, పొంగలుకు కొద్దిరోజులు. అందువలన యాత్ర మన దగ్గరి నగరానికి వచ్చిన రోజున కూడా మన పిల్లవాడు పరీక్ష వ్రాస్తూ ఉండవచ్చును. అయిదు చోట్ల అయిదు రకాల సెలవులు ఉన్న కోటిమందికి ఒక తేదీ సరిపడదు. మనమే చెప్పకపోతే ఈ సంగతి ఎవరికి తెలుస్తుంది?

"బెంగుళూరుకు పోయి చూడరాదా?" అనేవారున్నారు. హోసూరువారు పోగలరు, నిజమే. కార్యక్రమం రాత్రి పదిన్నరకు ముగిస్తే, పిల్లలతో, వృద్ధులతో తిరుగు బస్సు పట్టుకొని ఇల్లు చేరేసరికి ఒంటిగంట. టిక్కెట్లు, భోజనం, ప్రయాణం కలిపి ఒక చిన్న ఉద్యోగి కుటుంబానికి అది నెల సరుకుల ఖర్చు. బరంపురంవారికి దగ్గరి పెద్ద వేదిక విశాఖపట్టణం, రెండువందల యాభై కిలోమీటర్లకు పైగా. షోలాపూరు మగ్గంమీద పనిచేసే కుటుంబానికి హైదరాబాదు సుమారు మూడువందల కిలోమీటర్లు. ఒక్క సాయంత్రపు పాటకు రెండురోజుల కూలి పోగొట్టుకొమ్మని వారికి చెప్పగలమా?

ఇప్పుడు కొంచెం వెనుకకు చూద్దాము. యాత్రలు మన ఊళ్ళను ఎల్లప్పుడూ దాటిపోలేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ' ప్రదర్శనతో మొదలైన సురభి నాటక సమాజాలు దశాబ్దాల తరబడి ఊరూరా డేరాలు వేసుకొని, ఒక్కొక్క ఊరిలో వారాలు, నెలలు ఉండి నాటకాలాడాయి. మీరు ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆ సురభి కుటుంబాల ఇంటిభాష ఆరె మరాఠీ. మరాఠీ దేశంనుండి వచ్చి స్థిరపడిన వారు తెలుగు రంగస్థలాన్ని తమ భుజాలమీద మోశారు. ఇంట్లో ఒక భాష, వేదికమీద ఇంకొక భాష ఉన్న మనవంటి వారికి అంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

బళ్ళారి సంగతి చూడండి. నేడు అది కర్ణాటకలోని ఊరు. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరినది. కాని అంతకు ఎంతో ముందు, 1880ల చివరలో, అక్కడ న్యాయవాదిగా ఉన్న ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు సరసవినోదినీ సభను నెలకొల్పి తెలుగు నాటకాలు వ్రాసి ఆడించారు. అదే ఊళ్ళో కోలాచలం శ్రీనివాసరావుగారు సుమనోరమ సభను నడిపారు. ధర్మవరంవారి మేనల్లుడే బళ్ళారి రాఘవ. ఆ ఊరికి పేరు వచ్చినది ఏదో పెద్ద సమాజం వచ్చి ఆడి పోవటంవలన కాదు. కోర్టు పని ముగించుకొని సాయంత్రం సభకు వచ్చి పద్యం వల్లెవేసిన గుమాస్తాలు, వకీళ్ళు, ఉపాధ్యాయులు అక్కడ ఉన్నందువలన.

ఇదే మాటకు రాజమహేంద్రవరం మరింత మంచి సాక్ష్యం చెబుతుంది. 1880లో ధార్వాడనుండి ఒక నాటక సమాజం అక్కడికి వచ్చి ప్రదర్శనలిచ్చి వెళ్ళిపోయినది. అప్పుడు ఆ ఊరిలో ఉపాధ్యాయుడుగా ఉన్న కందుకూరి వీరేశలింగంగారు, వారు విడిచి వెళ్ళిన పాకలోనే తన విద్యార్థులచేత తెలుగు నాటకాలాడించారు. షేక్స్‌పియరు హాస్యనాటకానికి అనుసరణ అయిన 'చమత్కార రత్నావళి' వాటిలో ఒకటి. వచ్చినవారిది మన భాష కాదు, వారు మరల వస్తారన్న నమ్మకమూ లేదు. పాక ఉన్నది, పిల్లలున్నారు, పంతులుగారున్నారు. అంతకన్నా మూలధనం అక్కడ లేదు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న మనకు ఈ ఉదంతం ప్రతి సంవత్సరం ఒకసారి తలచుకోదగినది.

నేటికీ నిలిచి ఉన్న ఉదాహరణలు కావాలంటే తంజావూరు జిల్లా మెలట్టూరుకు పోండి. నాయక రాజుల కాలంలో స్థిరపడిన కుటుంబాల ఊరది. అక్కడ ప్రతి సంవత్సరం నృసింహ జయంతి నాటికి మెలట్టూరు వెంకటరామశాస్త్రిగారి తెలుగు యక్షగానాలను భాగవతమేళగా ఆడతారు. వేషం కట్టేవారిలో చాలామంది వేరే నగరాలలో ఉద్యోగాలు చేసుకొనేవారు. సెలవు పెట్టి ఊరికి తిరిగివచ్చి ఆడతారు. చుట్టుప్రక్కలంతా తమిళసీమ. ఆ ఊరిని ఏ యాత్రా దాటిపోలేదు, యాత్ర ఆ ఊరిలోనే పుట్టి అక్కడే ముగుస్తున్నది గనుక. చిక్కబళ్ళాపురం జిల్లా కైవారంలో, తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు చెప్పిన నారాయణ యోగి పేరిట గురుపూర్ణిమకు సంగీతోత్సవం జరుగుతుంది. షోలాపూరు పద్మశాలీలు శ్రావణ పూర్ణిమకు మార్కండేయ రథోత్సవం జరుపుకుంటారు. బరంపురంలో రెండేళ్ళకొకసారి ఠాకురాణి యాత్ర జరిగినప్పుడు తెలుగు దేవాంగుల ఇంటినుండే అమ్మవారికి పుట్టింటి మర్యాదలు. ఇవన్నీ పెద్ద జనం చేరే రోజులు. వీటికి తేదీ వెతకనక్కరలేదు, పందిరి వెతకనక్కరలేదు, ప్రేక్షకులను వెతకనక్కరలేదు.

కాబట్టి నేను చెప్పదలచినది ఇది. పిల్లల నిరాశ న్యాయమైనది. దానిని నవ్వి తోసివేయకూడదు. ఆ నిరాశను నిర్వాహకులమీద కోపంగా మార్చి ఊరుకొనటం కూడా ఉపయోగం లేని పని. ఏ ఊరిలో పిలిచే సభ ఉన్నదో ఆ ఊరికి పాట వస్తుంది. ఆ సభకు మొదటి సభ్యులు మన తెలుగు తరగతిలోనే ఉన్నారు. అందుకు చేయదగిన పనులు నాలుగు నాకు తోచుచున్నవి.

మొదటిది, పాటను అక్షరంలోకి తేవటం. మన పిల్లలలో అనేకులు తెలుగు పాటలను నోటికి అప్పగించగలరు. అదే పాటను కాగితంమీద పెడితే చదవలేరు. కొందరు తమిళ లిపిలోనో, కన్నడ లిపిలోనో, ఇంగ్లీషు అక్షరాలతోనో వ్రాసుకొని పాడతారు. తమిళ లిపిలో వ్రాసుకొన్నవాడు 'గ' ఏదో 'క' ఏదో తెలియక తడుముకొంటాడు. వారానికొక పాటను పిల్లలే విని తెలుగులో వ్రాసి, తప్పులు దిద్దుకొని, అర్థం చెప్పుకొని పాడేటట్లు చేయండి. వాచకం తెరవటానికి ఏడ్చే పిల్లవాడు దీనికి పరుగెత్తుకొని వస్తాడు. వత్తులు, గుణింతాలు వాటంతట అవే వస్తాయి.

రెండవది, సెలవులలో ఒక సాయంత్రం మనదిగా చేసుకొనటం. బడి మైదానమో, గుడి మండపమో చాలు. ఊరిలో హార్మోనియం పెట్టె ఉన్న పెద్దాయన ఒకరుంటారు. భజనలో డోలక్ వాయించే యువకుడుంటాడు. పద్యనాటకంలో వేషం కట్టిన తాత ఎక్కడో ఒక వీధి అరుగుమీద కూర్చొని ఉంటాడు. పిల్లల సినిమా పాట, తాత పద్యం ఒకే వేదికమీద వినబడాలి. పిల్లలు తాతను చూస్తారు, తాత పిల్లలను చూస్తాడు. ఇది ఆ పెద్ద గాయకుని కచేరీకి సాటి అని నేను చెప్పను. ఆ దీపాలు, ఆ ధ్వని, ఎదుట నిలబడిన ఆ మనిషి, వీటికి ప్రత్యామ్నాయం లేదు. పిల్లలకు అబద్ధం చెప్పవద్దు. కాని ఎనిమిదివందల మంది నిండిన ఒక సాయంత్రాన్ని ఫొటో తీసి చూపగలిగిన ఊరికి, రెండవసారి ఎవరినైనా పిలవటానికి ముఖం ఉంటుంది.

మూడవది, ముందుగా పిలవటం. పట్టిక వెలువడిన తరువాత వ్రాసిన ఉత్తరానికి విలువ లేదు. ఆరునెలల ముందే, ఊరి పేరు, మందిరంలో పట్టే సంఖ్య, మన సెలవుల తేదీలు, భోజనం బస ఎవరు చూస్తారు అన్నది స్పష్టంగా వ్రాసి పంపాలి. పెద్ద తారలు రాకపోవచ్చును. పాటల పోటీలలో పేరు తెచ్చుకొన్న యువ గాయకులు, హరికథకులు, బుర్రకథ దళాలవారు పిలిస్తే వస్తారు, ఖర్చు కూడా తక్కువ. దగ్గర దగ్గరగా ఉన్న ఊళ్ళు కలిసి పిలిస్తే ఇంకా మేలు. హోసూరు, కృష్ణగిరి, కోలారు కలిసి మూడురోజులు పంచుకొనవచ్చును. బరంపురం, పర్లాకిమిడి కలిసి రెండురోజులు పంచుకొనవచ్చును. ఒక్క ఊరికి లాభించని యాత్ర మూడు ఊళ్ళకు లాభించవచ్చును. నిర్వాహకుని లెక్కలో మనం మార్చగల సంఖ్య ఇదే.

నాలుగవది, అడగవలసినవారిని అడగటం. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకు సాంస్కృతిక శాఖలున్నాయి. కళాకారుల బృందాలను ప్రభుత్వ ఖర్చుమీద పంపే అలవాటు ఉన్నది. సంవత్సరానికి కొన్ని రోజులు పొరుగు రాష్ట్రాల తెలుగు పాఠశాలలకు కేటాయించమని మనం వ్రాతపూర్వకంగా అడగాలి. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించమని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతున్నది. ఆ అధికరణం కచేరీని గూర్చి చెప్పదు, నిజమే. అయితే ఆ వసతి కాగితంమీద ఉన్నా తరగతిలో పిల్లలు లేకపోతే విభాగం మూతపడుతుంది. పిల్లలు తరగతికి రావాలంటే ఆ భాషకు ఊరిలో ఒక వెలుగు ఉండాలి. తమిళనాడులో 2006 నాటి చట్టం తరువాత తెలుగు పీరియడును నిలుపుకోవటానికి మనవారు కోర్టుల చుట్టూ తిరిగిన సంగతి మీకు తెలుసు. కోర్టు మినహాయింపు ఇవ్వగలదు. పిల్లవానికి ఇష్టాన్ని ఇవ్వటం దాని చేతిలో లేదు.

గాయకులకు కూడా ఒక విన్నపం ఉన్నది. మీరు త్యాగరాజ కీర్తన పాడకుండా సంగీతం నేర్చుకొని ఉండరు. ఆ తెలుగు కీర్తనలు పుట్టినది తిరువయ్యారులో, కావేరి ఒడ్డున, నేటి తమిళనాడులో. పొరుగు నేలమీది తెలుగు మీకు అన్నం పెట్టినది. యాత్రకొక్కరోజు, తక్కువ వాద్యాలతో, దీపాల ఆర్భాటం లేకుండా, ఒక చిన్న ఊరిలో పిల్లల ఎదుట పాడి పోండి. అది మీ లెక్కలో నష్టంగా కనబడదు.

మా ఏడవ తరగతి అమ్మాయి ప్రశ్నకు నేను చెప్పిన సమాధానం, "తెలియకపోతే మనమే తెలియజేద్దాము" అని. ఇప్పుడు ఆ తరగతివారు ఉత్తరం వ్రాస్తున్నారు. మొదటి చిత్తుప్రతిలో పదకొండు తప్పులున్నాయి. రెండవదానిలో నాలుగు. ఊరి పేరు, బడి పేరు, మందిరంలో పట్టే సంఖ్య, పొంగలు సెలవుల తేదీలు మాత్రం తప్పు లేకుండా వ్రాశారు. మీ ఊరి పిల్లలచేత కూడా ఒకటి వ్రాయించండి. రాబోయే వేసవి యాత్రల పట్టికలు ఇంకా సిద్ధం కాలేదు.